చెబితే ఫోన్ పోతుందనే భయం తీసేయండి ముందు

ప్రశ్న: మాది ఖమ్మం దగ్గర ఒక ఊరు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, బాబు ఆరో తరగతి. పోయిన నెలలో ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరో ‘ఇంటర్ చదివే అక్కని’ అంటూ పాపతో మాటలు కలిపారు. బాగున్నావు అని పొగుడుతూ ఫోటోలు అడిగితే, తన ఓణీల ఫంక్షన్ ఫోటోలు రెండు పంపిందట. తర్వాత వేరే రకం ఫోటోలు అడిగారు. పాప పంపనంది. దాంతో ‘నీ ఫోటోలు మార్ఫింగ్ చేసి మీ క్లాస్ గ్రూపులో పెడతా’ అని బెదిరించడం మొదలుపెట్టారు. పది రోజులు ఎవరికీ చెప్పకుండా తనలో తనే కుమిలిపోయింది. చివరికి తన ఫ్రెండ్ వాళ్లమ్మ చెబితే మాకు తెలిసింది. మా వారు కోపంతో ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇప్పటిదాకా ఫోటోలేవీ బయటికి రాలేదు. కానీ పాప సరిగ్గా తినడం లేదు, ఎవరితోనూ మాట్లాడటం లేదు. స్కూలు హోంవర్క్ అంతా వాట్సాప్‌లోనే వస్తుంది. ఫోన్ ఎన్నాళ్లు దాచాలి? తిరిగి ఇస్తే జాగ్రత్తగా వాడటం ఎలా నేర్పాలి? నాకు వాట్సాప్, యూట్యూబ్ తప్ప ఏమీ తెలియదు. ఫోన్ గురించి పాపకే నాకంటే ఎక్కువ తెలుసు.
— ఒక తల్లి

సమాధానం: అమ్మా, ఆ ఫోన్‌ని ఈరోజే బీరువాలోంచి తీసి ఛార్జింగ్ పెట్టండి. అందులో ఏదీ డిలీట్ చేయకండి, పాపను కూడా చేయనివ్వకండి. ఆ మెసేజ్‌లు చూస్తేనే అసహ్యంగా ఉంటుంది, తీసిపారేయాలనిపిస్తుంది. కానీ మీ చేతిలో ఉన్న సాక్ష్యం అవే. ఆ అకౌంట్ పేజీని పైనున్న పేరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. తేదీలు కనబడేలా మొత్తం సంభాషణ, బెదిరించిన మెసేజ్‌లు కూడా తీసి మీ ఫోన్‌లోకి పంపుకోండి. అకౌంట్ పేరును అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద రాసి పెట్టుకోండి. అవతలివాళ్లు అకౌంట్ మూసేసి మాయమైతే మనకు మిగిలేవి ఇవే. ఇవన్నీ అయ్యాకే రిపోర్ట్ కొట్టి బ్లాక్ చేయండి. జవాబు ఇవ్వొద్దు, బతిమాలొద్దు. డబ్బు అడిగితే ఒక్క రూపాయి కూడా పంపొద్దు. ఒకసారి ఇచ్చారంటే మళ్లీ మళ్లీ అడుగుతూనే ఉంటారు.

ఫోటోలేవీ బయటికి రాలేదు కాబట్టి ఊరుకుందామని మీ ఇంట్లో అనుకుంటూ ఉండొచ్చు. ఊరుకోవద్దనే నేను చెబుతాను. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు నిజమైన ఫోటో చూపించి అయినా, కల్పించిన ఫోటో పేరు చెప్పి అయినా ఇలా బెదిరించడం, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం నేరం. మార్ఫింగ్ నిజంగా చేసి ఉండాల్సిన అవసరం కూడా లేదు. అసభ్యమైన పనుల కోసం పిల్లలకు మాయమాటలు చెప్పి ఆన్‌లైన్‌లో స్నేహంలోకి దింపడం ఐటీ చట్టం 67బి సెక్షన్ కిందికి వస్తుంది. మొదటిసారి రుజువైతేనే అయిదేళ్ల వరకు జైలు. పైగా ఆ ‘అక్క’ మీ పాప ఒక్కదానితోనే ఆగి ఉంటుందని నేననుకోను.

స్టేషన్ మెట్లెక్కితే పాప పేరు ఊరంతా పాకుతుందని భయం ఉంటుంది. ఆ భయం చట్టం రాసినవాళ్లకూ తెలుసు. పోక్సో కేసుల్లో పాప చెప్పేది ఇంట్లోనో, తనకు నచ్చిన చోటో నమోదు చేసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి రావాలి, యూనిఫాంలో ఉండకూడదు. పాప పేరు, ఫోటో, స్కూలు, ఇల్లు ఏవీ మీడియాలో రాకూడదు. ఈ మాటలు మీ వారికి కూడా చెప్పండి, చాలామంది తండ్రులు ఆగిపోయేది ఇక్కడే. ఇంట్లో కూర్చునే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. స్త్రీలు, పిల్లల విభాగంలో పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే వీలు కూడా ఉంది. అయితే మీ విషయంలో పేరు ఇచ్చి చేయడమే మంచిది, అప్పుడే కేసు ముందుకు కదిలిందో లేదో తెలుస్తుంది. ఫోన్‌లో మాట్లాడాలంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది, డబ్బు పోతే 1930 ఉంది. ఆడవాళ్లపై వేధింపులను చూసే పోలీసు బృందాలు, 2014లో హైదరాబాద్‌లో మొదలైన షీ టీమ్స్ ఇప్పుడు మీ జిల్లాలోనూ ఉన్నాయి.

ఒకవేళ రేపెప్పుడైనా అలాంటి ఫోటో తయారుచేసి పెట్టినా దారి ఉందని పాపకు ముందే చెప్పండి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల కోసం ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. ఫోటోను ఎవరికీ పంపనక్కర్లేదు. మన ఫోన్‌లోనే దానికి ఒక డిజిటల్ వేలిముద్ర లాంటిది తయారవుతుంది, అది మాత్రమే వెళుతుంది. ఆ సేవలో చేరిన ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లాంటి కంపెనీలు దాన్ని పట్టుకుని అదే ఫోటో కనబడితే తీసేస్తాయి. వాట్సాప్‌లో ఒకరి నుంచి ఒకరికి వెళ్లే వాటిని మాత్రం ఇది ఆపలేదు.

ఇక మీరు అడిగిన అసలు విషయానికి వస్తాను. పాప ఆ పది రోజులు ఎందుకు చెప్పలేదు? చెబితే ఏమవుతుందని భయపడిందో సరిగ్గా అదే జరిగింది చూడండి. అరిచారు, ఫోన్ పోయింది. బెదిరించేవాళ్లు ఆధారపడేది దీని మీదే. ‘ఇంట్లో తెలిస్తే నిన్ను చంపేస్తారు, చదువు మాన్పిస్తారు’ అని వాళ్లు పిల్లలతో అంటారు, పిల్లలు నమ్ముతారు. మీ వారిని నేను తప్పుపట్టడం లేదు. కూతురికి ఏమవుతుందోనన్న భయమే ఆయనలో కోపమై బయటికొచ్చింది. కానీ పక్కన నిలబడి అదంతా చూసిన ఆరో తరగతి బాబు కూడా ఒక సంగతి నేర్చుకున్నాడు. ఈ ఇంట్లో ఏదైనా జరిగితే అక్కలా దాచిపెట్టుకోవాలి, దొరక్కూడదు అని.

అందుకే సెట్టింగులు, యాప్‌లు అన్నీ తర్వాత. ముందు మీ వారే పాపతో మాట్లాడాలి. మీరు మధ్యలో ఉండి చెప్పడం కాదు, ఆయన నోటితోనే రావాలి. పెద్ద మాటలేమీ అవసరం లేదు. ‘తల్లీ, ఆరోజు నాకు భయమేసి అరిచాను. తప్పు చేసింది ఆ బెదిరించినవాడు, నువ్వు కాదు. వాడు అడిగినప్పుడు పంపనన్నావు చూడు, అక్కడ చాలా ధైర్యంగా ఉన్నావు. ఇక మీద ఏం జరిగినా, నువ్వే తప్పు చేసినా సరే, వచ్చి చెప్పినందుకు నీ ఫోన్ తీసుకోను.’ ఈ చివరి మాట మీద ఆయన నిలబడాలి. ఒక్కసారి తప్పారంటే పాప ఇక నోరు విప్పదు.

అంటే ఇక హద్దులే ఉండవని కాదు. రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ హాల్లో పెట్టాలి అనే నియమం ఉంటే ఉంటుంది, మీరితే మరుసటి రోజు ఫోన్ ఉండదు. అది వేరు. వచ్చి చెప్పుకున్న దానికి మాత్రం శిక్ష ఉండకూడదు. ఈ రెండూ కలిసిపోకుండా చూసుకోవడం కష్టమే, ముఖ్యంగా పాప చెప్పిన సంగతి విని గుండె గుభేల్‌మన్నప్పుడు. అప్పుడు ‘సరే, చెప్పావు కదా, మంచి పని చేశావు, అన్నం తిన్నాక చూద్దాం’ అని కాసేపు టైమ్ తీసుకోండి.

ఇంకో బరువు కూడా పాప మీద నుంచి తీసేయాలి. ‘నేను ఆ ఫోటోలు పంపకపోతే ఇదంతా జరిగేది కాదు’ అని తను కుమిలిపోతూ ఉంటుంది. అవి ఓణీల ఫంక్షన్ ఫోటోలు అన్నారు. మీ ఇంటి ఫంక్షన్ ఫోటోలు మీ స్టేటస్‌లో ఉండి ఉంటాయి, పిన్నిలు, మేనత్తల ఫేస్‌బుక్‌లో ఉండి ఉంటాయి, వీధి మలుపులో పెట్టిన ఫ్లెక్సీ మీద కూడా ఉండి ఉంటుంది. మార్ఫింగ్ చేయాలనుకున్నవాడికి వాటిలో ఏదైనా సరిపోతుంది. ఇప్పుడున్న ఏఐ యాప్‌లతో ఒక్క మొహం కనబడితే చాలు. ఈ సంగతి పాపకు అర్థమయ్యేలా చెప్పండి.

అలాగే మీరూ మీ బంధువులకు ఫోన్ చేసి, పాప ఫోటోలు అందరికీ కనిపించేలా పెట్టినవి తీసేయమని అడగండి. మొహమాటపడకండి. ఇంకో మాట. వచ్చే ఏడాది పాప పదో తరగతి. రిజల్ట్స్ వచ్చిన రోజు మార్కుల మెమో ఫోటో తీసి స్టేటస్ పెట్టడం మన దగ్గర అందరూ చేసే పనే. అందులో హాల్‌టికెట్ నంబరు, పుట్టినతేదీ, తల్లిదండ్రుల పేర్లు, స్కూలు పేరు అన్నీ ఉంటాయి. సంతోషం పంచుకోండి, మార్కులు నోటితో చెప్పండి. మెమో మాత్రం పెట్టకండి.

ఫోన్ గురించి మీకు తక్కువ తెలుసనేది లోపం అనుకోకండి. పక్కన కూర్చుని ‘నాకు నేర్పు’ అని అడిగే అవకాశం మీకుంది, పాపకు మళ్లీ మీతో మాటలు కలిసేది కూడా అలాగే. ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ కూర్చుని ఆ దొంగ అకౌంట్‌నే తెరవండి, ఇంకా ఉంటే. ‘ఇది దొంగదని ఎలా తెలుస్తుందో ఇద్దరం వెతుకుదామా’ అనండి. పేరు పక్కన పైన మూడు చుక్కలు నొక్కితే ‘అబౌట్ దిస్ అకౌంట్’ అని వస్తుంది. అకౌంట్ ఏ నెలలో తెరిచారో అక్కడ ఉంటుంది. ఇంటర్ చదివే అమ్మాయి అంటున్నారు, అకౌంట్ వయసు రెండు నెలలు. ఫోటోల్లో మొహాలు సినిమా హీరోయిన్ల లాగా ఉంటాయి, కానీ ఒక్క ఫోటోలోనూ కాలేజీ ఫ్రెండ్ కనబడదు, కింద ‘ఏయ్ ఎప్పుడు దిగావే ఇది’ అని చనువుగా అడిగే కామెంట్ ఒక్కటీ ఉండదు. ఇక ఫాలోవర్ల లిస్టు చూడండి. అందులో మీ పాప క్లాసు పిల్లలు నలుగురైదుగురు ఉండే అవకాశం ఎక్కువ. పిల్లలు మోసపోయేది ఇక్కడే. ‘మా క్లాసు వాళ్లు ఫాలో అవుతున్నారు కదా, తెలిసినవాళ్లే అయుంటారు’ అనుకుంటారు. ఆ నలుగురిలో మొదటి అమ్మాయి ఊరికే యాక్సెప్ట్ కొట్టి ఉంటుంది, ఆమెను చూసి మిగతావాళ్లు కొట్టి ఉంటారు.

తర్వాత మాటలు ఏ వరసలో నడిచాయో పాపనే చెప్పమనండి, తనకు ఇబ్బంది లేకపోతేనే. ఈ మోసాలు చాలావరకు ఒకే వరసలో నడుస్తాయి. ముందు పొగడ్త. తర్వాత ‘నీ బాధ నాకే అర్థమవుతుంది’ అనే జాలి. ‘ఇక్కడొద్దు, టెలిగ్రామ్‌కో స్నాప్‌చాట్‌కో రా’ అని వేరే చోటికి మార్చడం. ‘మన మాటలు ఎవరికీ చెప్పకు’ అనడం. మామూలు ఫోటో, ఆ తర్వాత ఇంకోరకం ఫోటో, ఆ తర్వాత బెదిరింపు. వీడియో కాల్ అడిగితే కెమెరా పాడైందంటారు. ‘ఎవరికీ చెప్పకు’ అని ఎవరన్నా అన్న క్షణమే వచ్చి మీకు చెప్పాలని పాప గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతావన్నీ మరిచిపోయినా పర్వాలేదు.

అదే కూర్చున్నప్పుడు ఇంకొకటి చూడండి. ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగుల్లో అకౌంట్స్ సెంటర్ అని ఉంటుంది, అందులో పర్సనల్ డీటెయిల్స్‌లో పుట్టినతేదీ ఉంటుంది. చాలామంది పిల్లలు అకౌంట్ తెరిచేటప్పుడు ఏదో ఒక పాత సంవత్సరం కొట్టేస్తారు, అప్పుడు యాప్ దృష్టిలో మీ పాప ఇరవై రెండేళ్ల మనిషి. ఇన్‌స్టాగ్రామ్ 2024లో పిల్లల కోసం ‘టీన్ అకౌంట్’ తెచ్చింది, 2025 ఫిబ్రవరిలో అది మన దేశానికీ వచ్చింది. అందులో అకౌంట్ దానంతటదే ప్రైవేటుగా ఉంటుంది, తాను ఫాలో కాని కొత్తవాళ్లు మెసేజ్ పెట్టలేరు, రాత్రి పది నుంచి పొద్దున ఏడు దాకా నోటిఫికేషన్లు ఆగుతాయి. పదహారేళ్ల లోపు పిల్లలు వాటిని సడలించాలంటే తల్లిదండ్రులు ఒప్పుకోవాలి. పుట్టినతేదీ అబద్ధమైతే ఈ రక్షణ ఏదీ పనిచేయకపోవచ్చు.

మిగతా సెట్టింగులు పాపనే మీ ఫోన్‌లో కూడా పెట్టమనండి. వాట్సాప్ ప్రొఫైల్ ఫోటో కాంటాక్ట్స్‌లో ఉన్నవాళ్లకే కనబడాలి, తెలియనివాళ్లు గ్రూపుల్లో చేర్చకుండా ఆపాలి, టూ స్టెప్ వెరిఫికేషన్ (అకౌంట్‌కి అదనంగా ఒక పిన్) పెట్టుకోవాలి. స్నాప్‌చాట్ ఉంటే మ్యాప్‌లో ఘోస్ట్ మోడ్ పెట్టాలి, లొకేషన్ పంచుకోవడం ఆన్‌లో ఉంటే పాప ఎక్కడుందో దాంట్లో ఫ్రెండ్స్‌గా చేర్చుకున్నవాళ్లకు కనిపించవచ్చు. ఒక గంట పని.

పాప ఫోన్‌లో రహస్యంగా ఏదో యాప్ వేసి మెసేజ్‌లన్నీ చదవమని మీకు ఎవరైనా సలహా ఇస్తారు. నేను వద్దంటాను. తొమ్మిదో తరగతి పిల్ల దాన్ని కనిపెట్టడానికి ఎన్నాళ్లో పట్టదు, కనిపెట్టిన రోజున ఫ్రెండ్ ఫోన్‌లో ఇంకో అకౌంట్ తెరుస్తుంది. అది మీకు ఎప్పటికీ కనబడదు. తనకు చెప్పి పెట్టేవి వేరు. గూగుల్ ఫ్యామిలీ లింక్‌తో టైమ్ లిమిట్ పెట్టవచ్చు, కొత్త యాప్ వేయాలంటే మీ అనుమతి అడిగేలా చేయవచ్చు. ఇన్‌స్టాగ్రామ్ టీన్ అకౌంట్‌లో సూపర్‌విజన్ పెట్టుకుంటే గత ఏడు రోజుల్లో పాప ఎవరితో మాట్లాడిందో పేర్లు కనబడతాయి, ఏం మాట్లాడిందో కనబడదు. ఈ వయసుకు అదే సరిపోతుందని నా అభిప్రాయం. ఎవరో తెలుసుకునే హక్కు మీకుంది, ఫ్రెండ్‌తో చెప్పుకున్న ప్రతి కబురూ చదివే అవసరం మీకు లేదు.

భద్రత గురించి ఇంత చెప్పుకుంటాం కానీ బాధ్యత గురించి ఇళ్లలో దాదాపుగా మాట్లాడం. రేపు క్లాసు గ్రూపులో మరో అమ్మాయి మార్ఫింగ్ ఫోటో వస్తే మీ పాప ఏం చేయాలి? టీచర్ మొహంతో చేసిన స్టిక్కర్ వస్తే? ‘నేను చేయలేదు, ఫార్వర్డ్ చేశానంతే’ అనే మాట చట్టం ముందు నిలబడదు. పిల్లల అశ్లీల చిత్రాలు పంపడం నేరమని చాలామందికి తెలుసు. వాటిని ఫోన్‌లో ఉంచుకోవడం కూడా నేరం కావచ్చని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరులో తేల్చి చెప్పింది. అందుకే అలాంటిది వస్తే మీకు చూపించడానికి కూడా పంపొద్దని చెప్పండి, ఫోన్ పట్టుకొచ్చి చూపించమనండి. ఆ అమ్మాయికి విడిగా ఫోన్ చేసి ‘నీ గురించి ఇలా తిరుగుతోంది, మీ అమ్మకి చెప్పు, నేను నీతో ఉంటా’ అనగలిగితే అదెంత పెద్ద సాయమో మీ పాపకు ఇప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు. తన విషయం మీకు చేరింది ఒక ఫ్రెండ్ వాళ్లమ్మకి చెప్పడం వల్లనే కదా. ఆ ఫ్రెండ్ మీద పాపకు కోపం ఉందేమో కనుక్కోండి, ఉంటే నెమ్మదిగా పోగొట్టండి.

మీరు బాబు గురించి ఏమీ అడగలేదు. అబ్బాయే కదా, వాడికేమవుతుంది అనుకుంటారు మనవాళ్లు. గేముల్లో చాట్ ఉంటుంది, ముక్కూమొహం తెలియని ‘అన్నలు’ డైమండ్లు, స్కిన్లు లాంటి గేములో వాడే వస్తువులు గిఫ్ట్ ఇస్తామంటూ చనువు చేసుకుంటారు. ఓటీపీ అడుగుతారు, నాన్న ఫోన్‌లో యూపీఐ పిన్ కొట్టమంటారు. డబ్బు మనకు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పిన్ కొట్టామంటే డబ్బు పోతున్నట్టే అని వాడికి ఇప్పుడే చెప్పండి. డబ్బు పెట్టి ఆడే గేములను తెలంగాణ 2017లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో దేశమంతటికీ చట్టం వచ్చింది. అయినా లింకులు వస్తూనే ఉంటాయి. ఇంకో రెండేళ్లు పోయాక అమ్మాయి పేరుతో వీడియో కాల్ చేసి, రికార్డు చేసి బెదిరించే గుంపులు మగపిల్లల వెంటా పడతాయి. మగపిల్లలు ఇలాంటివి ఆడపిల్లలకంటే ఎక్కువగా దాచుకుంటారు. నాన్న అక్కకు ఇచ్చిన మాటే వాడికీ ఇవ్వాలి, ఇద్దరినీ కూర్చోబెట్టి ఒకేసారి. వాడికి పదమూడు నిండేదాకా ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ సొంత అకౌంట్లు వద్దు, ఆ కంపెనీల నిబంధనలు కూడా అదే చెబుతున్నాయి.

పాప చేతికి ఫోన్ ఎప్పుడివ్వాలి అంటే, నాన్నతో ఆ మాటలయ్యి, మీరిద్దరూ కూర్చుని అకౌంట్ సరిచేసుకున్నాక. వారం చాలు. ఆ లోపు హోంవర్క్ మీ ఫోన్‌కి తెప్పించుకోండి. రాత్రిళ్లు ఫోన్లు హాల్లో ఛార్జింగ్‌కి పెట్టే నియమం మీకూ మీ వారికీ కూడా ఉండాలి, పిల్లలకు ఒక్కరికే పెడితే రెండు రోజులు కూడా నిలవదు. పద్దెనిమిదేళ్ల లోపు వారికి సిమ్ ఇవ్వరు కాబట్టి పాప ఫోన్‌లోని నంబరు మీ ఇద్దరిలో ఒకరి పేరు మీదే ఉంటుంది. ఆ నంబరు నుంచి జరిగే ప్రతిదానికీ ముందు అడిగేది మిమ్మల్నే అని కూడా పాపకు చెప్పండి, భయపెట్టడానికి కాదు, తెలిసుండాలని.

స్కూల్లో హెడ్మాస్టర్‌గారిని కలవండి. మీ పాప పేరు చెప్పక్కర్లేదు. ఈ పేరుతో ఉన్న అకౌంట్ మన పిల్లలకు రిక్వెస్టులు పెడుతోంది, అసెంబ్లీలో ఒకసారి చెప్పండి అంటే చాలు. ఆ ఫాలోవర్ల లిస్టులో ఉన్న మిగతా పిల్లల్లో ఎవరైనా ఇప్పుడు మీ పాప ఉన్న స్థితిలోనే ఉండి ఉండొచ్చు.

నాకు అన్నిటికంటే ఆందోళనగా ఉన్నది పాప తినకపోవడం, మాట్లాడకపోవడం. మాటలు కలిశాక చాలామంది పిల్లలు కోలుకుంటారు. రెండు వారాల్లో మార్పు కనబడకపోతే, నిద్ర పట్టకపోయినా, స్కూలుకు పోనన్నా, ‘నేను లేకపోతే బాగుండు’ లాంటి మాట ఒక్కటి వినబడినా ఆగకుండా 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, ప్రభుత్వం నడిపే ఉచిత సేవ, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. ముందు మీరు మాట్లాడి, తర్వాత పాపకు ఫోన్ ఇవ్వండి. ఈలోగా రాత్రిళ్లు కొన్నాళ్లు తన పక్కనే పడుకోండి.